మైదానం కట్టిన మహారాజకుమారుడు

దేవాలయం కట్టించినవాని పేరు శిలాశాసనంలో నిలుస్తుంది. చెరువు త్రవ్వించినవాని పేరును ఆయకట్టు రైతులు తరతరాలుగా తలచుకుంటారు. సత్రం కట్టించినవాని పేరు బాటసారి నోట వినిపిస్తుంది. ఆటస్థలం నిర్మించినవాని పేరు మాత్రం లోకం త్వరగా మరచిపోతుంది. ఆటలో గెలిచినవాడు జ్ఞాపకముంటాడు, ఓడినవాడు సయితం జ్ఞాపకముంటాడు. వారి కాళ్ళ క్రింద పచ్చిక పెంచినవాడు జ్ఞాపకముండడు. ఇది క్రీడాలోకంలో సర్వసాధారణమైన విషయం.

ఈ నియమానికి లొంగని వంశం ఒకటి స్కాట్లండులో కలదు. సెంట్ ఆండ్రూస్ అనే సముద్రతీర పట్టణంలో 1821లో పుట్టిన టామ్ మోరిస్ గోల్ఫు మైదానాలను కాపాడే ఉద్యోగి. పచ్చిక కోయించి, ఇసుక గుంటలు సవరించి, ఎక్కడెక్కడ ఎట్టి ఆటంకాలు ఉండవలెనో నిర్ణయించి, ఆయన బ్రిటిష్ దీవులలో పెక్కు గోల్ఫు మైదానాలకు రూపకల్పన చేసినాడు. ఓపెన్ పోటీలో నాలుగు పర్యాయాలు గెలిచినాడు. ఆయన కుమారుడు చిన్న టామ్ కూడా నాలుగు పర్యాయాలు గెలిచి, 1875లో ఇరువదినాలుగేండ్ల ప్రాయంలోనే కన్నుమూసినాడు. తండ్రి 1908 వరకు జీవించినాడు. కూలినాలి చేసుకొని బ్రదికే కుటుంబంలో పుట్టి, ఆటస్థలం నిర్మించడం, ఆ స్థలంలో ఆడి గెలవడం అనే రెండు విద్యలను ఆ తండ్రి తన చేతులతోనే సాధించినాడు.

మన దేశంలో ఆటస్థలాలు మరొక విధంగా ఏర్పడినవి. వాటిని నిర్మించినవారు ఎక్కువగా రాజులు, జమీందారులు. ధనం వారిది, స్థలం వారిది, కోరిక వారిది. ఆడే నేర్పు మాత్రం అందరికీ లేదు. ఈ భేదంలో ఎంత ఔదార్యం ఉన్నదో, ఎంత విషాదం ఉన్నదో తెలుసుకొనడానికి విజయనగర రాజవంశంలో జన్మించిన విజయానంద గజపతిరాజు చరిత్రకంటె మంచి ఉదాహరణ దొరకదు. లోకమంతా ఆయనను విజ్జీ అని పిలిచినది.

విజయనగరంలో పూసపాటివారి కోట 1713లో వెలసినది. బొబ్బిలి యుద్ధం, పద్మనాభ యుద్ధం ఆ వంశచరిత్రలో రక్తాక్షరాలు. 1794లో పద్మనాభంవద్ద విజయరామ గజపతి కుంపిణీ సేనలతో పోరాడి నేలకొరిగిన పిమ్మట ఆ వంశం ఖడ్గం విడిచి విద్యను చేపట్టినదని చెప్పవచ్చును. 1857లో వారు స్థాపించిన పాఠశాల 1879లో మహారాజా కళాశాల అయినది. ఆనంద గజపతి గురజాడ అప్పారావుగారికి ఆశ్రయమిచ్చినారు. మాక్స్ ముల్లర్ పండితుని ఋగ్వేద ముద్రణ రెండవ కూర్పుకు ద్రవ్యసహాయం చేసినారు. ఆయనకు తరువాతివారైన విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాలను నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి అధ్యక్షునిగా నియమించినారు. ఆ విజయరామ గజపతి రెండవ కుమారుడే విజ్జీ. ఆయన పుట్టినది 1905 డిసెంబరు 28వ తేదీ.

రాజవంశంలో రెండవ కుమారుడై పుట్టడం ఒక విచిత్రమైన స్థితి. సిరి ఉన్నది, సింహాసనం లేదు. బిరుదు ఉన్నది, బాధ్యత లేదు. 1922లో తండ్రి కాలధర్మం చెందినప్పుడు జ్యేష్ఠుడైన అలకనారాయణ గజపతి పట్టానికి వచ్చినారు. తమ్ముడు మహారాజకుమార్ అనే బిరుదుతో కాశీలోని కుటుంబ ఆస్తులను చూచుకొనడానికి వెళ్ళినారు. విజయనగర ప్రభువులకు కాశీతో సంబంధం పందొమ్మిదవ శతాబ్దం నుండి ఉన్నదే. తాతలు గంగాస్నానానికి వెళ్ళిన నగరంలో మనుమడు క్రికెట్టు ఆడినాడు.

ఆయన చదువు అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోని హేలీబరీ పాఠశాలలోను సాగినది. టెన్నిసు బాగుగా ఆడేవారు. వేటలో గురి తప్పనివారని పేరు. కాని ఆయన మనస్సు క్రికెట్టు మీద లగ్నమైనది. 1926లో కాశీలో తన భవన ప్రాంగణంలోనే ఒక క్రికెట్టు మైదానాన్ని తయారు చేయించి, సొంత జట్టును కూర్చినారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియొక్క సంవత్సరాలు నిండలేదు.

క్రికెట్టు మైదానం నిర్మించడమంటే కంచె వేసి గడ్డి పెంచడం కాదు. నడుమ ఇరువదిరెండు గజాల పొడవున ఉండే పిచ్ ఆటకు ప్రాణం. అక్కడి మట్టి నీటిని పట్టి ఉంచగల బంకమట్టి కావలెను. దానిని తడిపి, రోలరుతో పలుమార్లు అణచి, ఎండనిచ్చి, మరల తడిపి గట్టిపరచవలెను. గడ్డి వేళ్ళు ఆ మట్టిని పట్టి ఉంచవలెను. చుట్టూ ఉన్న నేల వాననీరు నిలువకుండా సన్నని వాలుతో ఉండవలెను. ఇంత చేసినా ఆ స్థలం ఒక ఋతువు నిర్లక్ష్యం చేస్తే పాడవుతుంది. ధనం ఒకసారి ఇస్తే చాలదు. శ్రద్ధ నిత్యమూ ఇవ్వవలెను. రాజభవనపు పూలతోటకు ఎట్టి పోషణ కావలెనో, ఆటస్థలానికీ అట్టి పోషణే కావలెను.

ఆ పోషణ ఫలితాలు త్వరలోనే కనిపించినవి. ఇందూరుకు చెందిన ముస్తాక్ అలీ ఇంకా ఉన్నత పాఠశాల విద్యార్థిగా ఉండగానే విజ్జీ ఆయనను కాశీకి రప్పించి శిక్షణ ఇప్పించినారు. ఆ బాలుడు తరువాత భారతదేశపు గొప్ప ఆటగాళ్ళలో ఒకడైనాడు. 1930–31లో ఇంగ్లండు నుండి రావలసిన ఎం.సి.సి. జట్టు శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా రాలేదు. అప్పుడు విజ్జీ తానే ఒక జట్టును కూర్చి భారతదేశంలోను, సింహళంలోను పర్యటన జరిపించినారు. ఆ జట్టుకు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అనే ఇంగ్లండు మహాక్రీడాకారులను పిలిపించినారు. అంతకుముందు ఇటువంటి పిలుపులను కాదన్న హాబ్స్, నలుబదియెనిమిదేండ్లు నిండబోయే వయస్సులో, ఆయన మాట కాదనలేక వచ్చినాడు. పత్రికలలో మాత్రమే చదివిన పేర్లు మన మైదానాలలో నడిచి వచ్చినవి. తరువాత కొన్నేండ్లకు వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్ కూడా విజ్జీ ఆహ్వానం మీదనే భారతదేశానికి వచ్చినాడు.

1933–34లో డగ్లస్ జార్డీన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు భారతదేశంలో పర్యటించినది. ఆ పర్యటన మొత్తంలో ఆ జట్టు ఒక్క ఆటలోనే ఓడినది. ఓడించినది విజయనగరం జట్టు, ఓడించిన స్థలం కాశీ, గెలుపు తేడా 14 పరుగులు. భారతదేశపు ప్రతినిధి జట్టుకు టెస్టులలో దక్కని విజయం ఒక మహారాజకుమారుడు కూర్చిన జట్టుకు దక్కినది. విజ్జీ జీవితం ఇక్కడితో ఆగి ఉన్నయెడల, ఆయనను అందరూ క్రీడాపోషకులలో అగ్రగణ్యునిగా మాత్రమే స్మరించి ఉండేవారు.

కాని పోషకుడన్న పేరుతో ఆయన తృప్తి పడలేదు. నాయకుడు కావలెనని కోరినారు. ఆ కాలంలో క్రికెట్టు రంగాన పటియాలా మహారాజుదే పైచేయి. ఆయనకు తరువాతి స్థానం విజ్జీది. 1932లో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చినప్పుడు విజ్జీ క్రికెట్టు బోర్డుకు 50,000 రూపాయలు ఇవ్వజూపినారు. అందులో 40,000 ఆ పర్యటన ఖర్చుల నిమిత్తం. ఆయనను ఉపనాయకునికి తరువాతి స్థానంలో నియమించగా, ఆరోగ్యం, ఆట బాగులేవన్న కారణంతో వెళ్ళడం మానుకొన్నారు. జట్టుకు నాయకునిగా వెళ్ళిన పోర్‌బందరు మహారాజు గొప్ప వివేకి. తన ఆట ఎంతటిదో ఆయనకు తెలియును. జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశం తన తొలి టెస్టు ఆడినప్పుడు ఆయన ప్రక్కకు తొలగి, కొఠారి కనకయ్య నాయుడుకు నాయకత్వం అప్పగించినారు. నాగపూరులో పుట్టిన ఆ తెలుగు బిడ్డ, సి.కె. నాయుడు, భారతదేశపు మొదటి టెస్టు నాయకుడైనాడు. రాజు నాయకత్వాన్ని విడిచిపెట్టి గౌరవం పొందిన ఘట్టమది.

విజ్జీ ఆ దారి పట్టలేదు. ఢిల్లీలో కొత్తగా ఏర్పడిన ఫిరోజ్‌షా కోట్లా మైదానానికి ఒక పెవిలియన్ కానుక చేసి, దానికి వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు పేరు పెట్టించినారు. దేశమంతటి రాష్ట్రజట్ల మధ్య పోటీకి బహుమానం ఏ పేరుతో ఉండవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు, పటియాలా మహారాజు రంజిత్‌సింహుని పేరిట పాత్ర ఇవ్వజూపినారు; విజ్జీ విల్లింగ్డన్ పేరిట పాత్ర ప్రతిపాదించినారు. చివరకు రంజీ ట్రోఫీయే నిలిచినది. వైస్రాయి పేరు నిలువలేదు. ఆటగాని పేరు నిలిచినది. అధికారం ఇచ్చే పేరుకంటె ఆట ఇచ్చే పేరు దీర్ఘాయువు కలదని ఆ ఘటన చెప్పకనే చెప్పినది. ఆ పాఠం విజ్జీ చెవికి ఎక్కలేదు.

1936లో ఇంగ్లండు వెళ్ళే భారత జట్టుకు ఆయనే నాయకుడైనారు. ఆయన క్రింద ఆడవలసినవారిలో మొదటి నాయకుడైన సి.కె. నాయుడు ఉన్నాడు, విజయ్ మర్చెంట్, ముస్తాక్ అలీ, మహమ్మద్ నిస్సార్, అమర్‌సింగ్, లాలా అమర్‌నాథ్ ఉన్నారు. బలమైన జట్టు. కాని జట్టులో ఐకమత్యం కొరవడినది. ఆ పర్యటనలో ఎసెక్స్ జట్టుపై రెండు ఇన్నింగ్సులలోను శతకాలు కొట్టిన అమర్‌నాథ్ మంచి ఊపు మీద ఉన్నాడు. మైనర్ కౌంటీస్ జట్టుతో లార్డ్స్‌లో జరిగిన ఆటలో, ప్యాడ్లు కట్టుకొని సిద్ధంగా ఉన్న ఆయనను కూర్చుండబెట్టి నాయకుడు ఇతరులను ముందు పంపినాడు. అమర్‌నాథ్ మాట జారినాడు. అది క్రమశిక్షణను మీరడమని భావించి, మొదటి టెస్టుకు ముందే విజ్జీ, మేనేజరు బ్రిటన్ జోన్స్ కలిసి ఆయనను స్వదేశానికి పంపివేసినారు.

మొదటి టెస్టులో అమర్‌సింగ్ 35 పరుగులకు ఆరు వికెట్లు తీయగా, ఇంగ్లండు మొదటి ఇన్నింగ్సు మన 147కు పదమూడు పరుగుల వెనుక, 134 వద్దనే ముగిసినది. రెండవ ఇన్నింగ్సులో భారత జట్టు 93 పరుగులకు కూలిపోయినది. చేతికి చిక్కిన అవకాశం జారిపోయినది. మాంచెస్టరులో రెండవ టెస్టు నాడు మర్చెంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు చేసినారు. మర్చెంట్ 114, ముస్తాక్ అలీ 112. విదేశీ గడ్డ మీద భారతీయుడు చేసిన మొదటి టెస్టు శతకం ముస్తాక్ అలీది. పాఠశాల వయస్సులో కాశీ మైదానంలో శిక్షణ పొందిన బాలుడే ఆ కీర్తి సంపాదించినాడు. ఆ టెస్టు ఎటూ తేలలేదు. ఓవల్ మైదానంలో మూడవ టెస్టు మరల ఓటమి. అందులో సి.కె. నాయుడు తన చివరి టెస్టు ఇన్నింగ్సులో, దెబ్బ తగిలియు వెనుదీయక, 81 పరుగులు చేసినాడు. ఆ మూడు టెస్టులలో నాయకుడు ఆరు ఇన్నింగ్సులు ఆడి చేసినవి మొత్తం 33 పరుగులు. ఆ సంవత్సరమే ఆయనకు నైట్ బిరుదు లభించినది. పరుగుల పట్టికలో చోటు దొరకని పేరుకు ప్రభుత్వపు గౌరవపట్టికలో చోటు దొరికినది.

స్వదేశంలో విచారణ జరిగినది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1937 జనవరిలో తన నివేదిక ఇచ్చినది. అమర్‌నాథ్‌ను నిర్దోషిగా నిర్ణయించి, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టినది. ఫీల్డర్లను నిలుపడంలో, బౌలర్లను మార్చడంలో ఆయనకు తగిన పరిజ్ఞానం లేదని, బ్యాటింగు క్రమం స్థిరంగా పాటించలేదని ఆ సంఘం అభిప్రాయపడినది. ఎన్నో ఏండ్ల కోరిక ఫలించిన సంవత్సరమే ఆయన పేరుకు మచ్చ తెచ్చిన సంవత్సరమైనది. ఆయన మరల టెస్టు ఆడలేదు.

పరాభవం పొందిన మనుష్యుడు రెండు విధాలుగా ఉండవచ్చును. ఆ రంగాన్ని ద్వేషించి దూరం కావచ్చును. లేదా తనకు తగిన పని తెలుసుకొని ఆ రంగాన్నే సేవించవచ్చును. విజ్జీ చాలా ఏండ్లు దూరంగా ఉన్నారు. 1947లో, దేశం స్వతంత్రం కాబోయే తరుణాన, తన నైట్ బిరుదును త్యజించినారు. పిమ్మట మరల క్రికెట్టు వైపు వచ్చినారు. ఈసారి బ్యాటుతో కాదు, నిర్వాహకుడుగా వచ్చినారు. 1954లో భారత క్రికెట్టు బోర్డుకు అధ్యక్షులైనారు. ఉత్తరప్రదేశ్‌లో క్రికెట్టు అభివృద్ధికి శ్రమించినారు.

ఈ రెండవ దశలో చెప్పుకోదగిన విషయమొకటి కలదు. 1936లో తన క్రింద ఆడిన సి.కె. నాయుడును విజ్జీ 1956–57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకుడుగా రప్పించినారు. నాయుడుకు అప్పటికి అరువదియొక్క సంవత్సరాలు. మూడేండ్ల క్రితం ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీలో అడుగుపెట్టినప్పుడు దానికి ముందు నడిచినదీ ఆ వృద్ధుడే. ఉత్తరప్రదేశ్ తరఫున ఆడిన తన చివరి రంజీ ఇన్నింగ్సులో ఆయన 52 పరుగులు చేసినాడు. యౌవనంలో ఏ నాయకత్వాన్ని తానే కోరినాడో, ఆ నాయకత్వాన్ని నడివయస్సు దాటిన పిమ్మట విజ్జీ అర్హునికి అప్పగించినాడు. పోర్‌బందరు మహారాజు 1932లో ఒక్క ఉదయంలో తెలుసుకొన్న సత్యం విజ్జీకి తెలియడానికి ఇరువదినాలుగేండ్లు పట్టినదని భావించవచ్చును. ఆలస్యంగా వచ్చినా వివేకం వివేకమే.

1958లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ బిరుదు ఇచ్చినది. అంతకు రెండేండ్ల ముందు, 1956లో, ఆ బిరుదు సి.కె. నాయుడుకు వచ్చినది. ఇక్కడ కూడా ఆటగాడే ముందు, పోషకుడు తరువాత. విజ్జీ రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యాతగా దేశమంతటా పరిచితులైనారు. 1959లో భారత జట్టు ఇంగ్లండులో పర్యటించినప్పుడు బి.బి.సి. వారు ఆయనను అతిథి వ్యాఖ్యాతగా పిలిచినారు. ఒకప్పుడు ఓడిన నాయకునిగా విడిచి వచ్చిన దేశానికే ఆయన ఆటను వివరించే పెద్దమనిషిగా తిరిగి వెళ్ళినారు.

పుట్టిన వంశపు గడ్డ కూడా ఆయనను మరల పిలిచినది. 1960లో విశాఖపట్నం నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 1962లో మరల ఎన్నికైనారు. ఆ పదవిలో ఉండగనే 1965 డిసెంబరు 2వ తేదీన కాశీలో కాలధర్మం చెందినారు. అరువది సంవత్సరాలు నిండడానికి ఇంకా కొన్ని దినాలు ఉండెను.

విజయనగర వంశంలో దానగుణం ఆయనతో అంతరించలేదు. అన్న కుమారుడైన పి.వి.జి. రాజు 1958లో తన తండ్రి అలకనారాయణ పేరిట మాన్సాస్ సంస్థను స్థాపించి, పూర్వుల కోటను విద్యాసంస్థలకు అప్పగించినారు. రాజులు దర్బారు చేసిన ప్రాకారాల నడుమ విద్యార్థులు పాఠాలు చదువుతున్నారు. విజయనగరంలో విజ్జీ పేరిట ఒక క్రీడాస్థలం కలదు. ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, 1966–67లో, విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం మండలాల మధ్య జరిగే క్రికెట్టు పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టినారు. భావికాలపు టెస్టు ఆటగాళ్ళు పెక్కుమంది ఆ పోటీలో ఆడినవారే.

ఆయనను గురించి వ్రాసినవారిలో పలువురు ఆ 33 పరుగులనే వ్రాస్తారు. కొందరు వేళాకోళపు కథలు చేర్చి చెబుతారు. ఆ లోపం నిజమే. దానిని దాచడం చరిత్రకు ద్రోహం. అమర్‌నాథ్‌కు జరిగిన అన్యాయం కూడా నిజమే. అయితే కాశీ మైదానంలో బ్యాటు పట్టిన ముస్తాక్ అలీ శతకం కూడా నిజమే. హాబ్స్ ఆట కన్నులారా చూచి ఇళ్ళకు వెళ్ళి కర్రతో ఆ దెబ్బను అభ్యసించిన ఊరూరి బాలుర ఆనందమూ నిజమే. ఒక మనుష్యుని లెక్క వ్రాసేటప్పుడు రెండు పుటలూ వ్రాయవలెను.

టామ్ మోరిస్ స్వహస్తాలతో పచ్చికను పెంచి, ఆ పచ్చిక మీద తానే గెలిచినాడు. విజ్జీ ధనంతో పచ్చికను పెంచగలిగినాడు గాని దాని మీద గెలవలేకపోయినాడు. ధనం మైదానాన్ని కొనగలదు, ఆటగాళ్ళను రప్పించగలదు, ఓడ ఖర్చులు భరించగలదు. ఎదురుగా వచ్చే బంతిని మాత్రం ధనం ఆపలేదు. ఈ సత్యాన్ని ఆటస్థలం రాజుకూ చెబుతుంది, పేదకూ చెబుతుంది. ఎవరికీ రాయితీ ఇవ్వదు. అందువల్లనే పాఠశాలకు తరగతిగది ఎంత అవసరమో, ఆటస్థలం అంత అవసరం. విజయనగరపు రెండవ రాజకుమారుడు తన ఆటతో ఆ పాఠం నేర్చుకొన్నాడు. తన దానంతో ఇతరులకు ఆ పాఠశాల కట్టించినాడు.